సంతకాలు మారిన చోట
(మెడ రక్తనాళం చికిత్స: కొంత చరిత్ర, కొంత అనుభవం)

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, నేను కాకతీయుల గురించో ఓరుగల్లు కోట గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. అవి రాయదగిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 34 సంవత్సరాలు ట్రెజరీ శాఖలో పనిచేసినవాణ్ణి. నాకు దగ్గరగా తెలిసిన చరిత్ర సంతకాల చరిత్ర ఒక్కటే. ఈ వ్యాసం అందులోంచి పుట్టింది.

జనగామ, మహబూబాబాద్ సబ్ ట్రెజరీలలో ఉన్న రోజుల్లో పింఛనుదారులు ఏటా ఒకసారి తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వడానికి స్వయంగా వచ్చేవారు. వారి సంతకాన్ని పాత నమూనా సంతకంతో సరిచూడడం మా పని. కొందరి సంతకం ఒక ఏడు తీగలాగా సాగి, మరుసటి ఏడు వంకర పోయేది. ఆ పై ఏడు దాని స్థానంలో ఎడమ బొటనవేలి ముద్ర ఉండేది. కుడిచేయి పనిచేయనందున అని పక్కన మేమే రాసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించేవాళ్ళం. ఒకప్పుడు పోరాటంలో తుపాకి పట్టిన చేతులు కూడా అట్లా ముద్రకు వచ్చాయి. కుడిచేయి పడిపోయిన వారిలో చాలామందికి మాట కూడా పోయి ఉండేది. పేరు అడిగితే వెంట వచ్చిన కొడుకో కోడలో చెప్పేవారు. ఆ రెండూ కలిసి ఎందుకు పోతాయని నేను ఒక్కనాడూ ఆలోచించలేదు. "పచ్చవాతం వచ్చింది సార్" అంటే "అయ్యో" అనేవాణ్ణి. ముద్ర వేయించుకుని తరువాతి పేరు పిలిచేవాణ్ణి.

ఆలోచించవలసిన సందర్భం ఒకటి 1984లో నా కళ్ళ ముందే వచ్చింది. అప్పుడు జనగామలో ఉన్నాను. మా సీనియర్ అకౌంటెంటు గారికి 54 ఏళ్ళు. లెక్కలో ఎంత గట్టివారో దస్తూరిలో అంత అందగాడు. మే నెల మధ్యాహ్నం ఒక బిల్లు మీద ఎర్రసిరాతో పాస్ ఆర్డరు రాస్తూ ఉండగా ఆయన చేతిలోని కలం జారి కింద పడింది. తీసి ఇస్తే మళ్ళీ జారింది. ఏమైంది సార్ అని అడిగితే ఏదో అన్నారు గాని అందులో ఒక్క మాటా తెలుగు కాదు, ఉర్దూ కాదు. పది నిమిషాలు గడిచేసరికి మళ్ళీ మామూలు మనిషి అయ్యారు. అందరం ఎండదెబ్బ అన్నాం. అటెండరు ఉల్లిగడ్డ నలిపి వాసన చూపించాడు, హోటలు నుంచి మజ్జిగ తెప్పించాం. ఆయనే నవ్వి, "ఇగ పోయిందయ్యా, పని చూసుకోండ్రి" అన్నారు. ఆ సాయంత్రం ఆయన వేసిన సంతకం ఎప్పటిలాగే ఉంది. నేను చూశాను.

మూడు వారాల తరువాత ఒక తెల్లవారుజామున ఆయనకు కుడి కాలు, కుడి చేయి పడిపోయాయి. మాట పోయింది. పావురం రక్తంతో మర్దన చేయిస్తే లేస్తారని ఎవరో చెబితే ఇంట్లో వాళ్ళు అదీ చేయించారు. ఆయన మరి ఆఫీసుకు రాలేదు. ఇన్‌వాలిడ్ పింఛను కాగితాలు తయారు చేసింది నేనే. బొటనవేలికి సిరా పూసింది కూడా నేనే.

ఆ పది నిమిషాలు ఏమిటో అప్పటికే వైద్యశాస్త్రానికి తెలుసు. మాకు తెలియలేదు, అంతే. ఆ తెలిసిన సంగతి ఎక్కడెక్కడ తిరిగి, ఎన్ని దెబ్బలు తిని మన దాకా వచ్చిందో చెప్పడమే నా ఉద్దేశం.

గొంతు పక్కన వేలు ఆనిస్తే కొట్టుకునే నాళం మనందరికీ తెలుసు. కెరోటిడ్ ధమని అంటారు. రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. దవడ మూల కింద అది రెండుగా చీలి, ఒక కొమ్మ ముఖానికి, ఒక కొమ్మ మెదడుకూ కంటికీ పోతుంది. సరిగ్గా ఆ చీలిక దగ్గరే వయసుతో పాటు కొవ్వు, సున్నం పేరుకుంటాయి. కాలువ మదుము దగ్గర ఒండ్రు మేట వేసినట్టే. ఎడమ నాళం తడిపేది ఎడమ మెదడును. కుడిచేతిని ఆడించేదీ, చాలామందిలో మాటను పలికించేదీ అదే. నా రిజిస్టరులో సంతకమూ మాటా కలిసి పోవడానికి కారణం ఇది.

ఈ నాళం ప్రాముఖ్యం పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహితలో గొంతుకు ఇరుపక్కల నీల, మన్య అనే మర్మాలు చెప్పారు. వాటికి దెబ్బ తగిలితే మాట పోతుందని, స్వరం మారుతుందని అందులో ఉంది. కెరోటిడ్ అనే పేరు మత్తు అనే అర్థం గల గ్రీకు మాటలోంచి వచ్చింది. రెండు నాళాలూ నొక్కి పట్టితే మనిషి తూలిపోతాడని వారు గమనించారు. కాని మెడలో అడ్డు పడితే చేయి పడిపోతుందని గట్టిగా నిరూపించడానికి 20వ శతాబ్దం సగం గడవవలసి వచ్చింది. 1927లో లిస్బన్ నగరంలో ఎగాస్ మోనిజ్ బతికున్న మనిషి మెదడు నాళాలను ఎక్స్‌రేలో కనబడేటట్టు చేశాడు. 1951లో కెనడా డాక్టరు మిల్లర్ ఫిషర్ ఒక గొప్ప పని చేశాడు: రోగులు చెప్పేది విన్నాడు. పక్షవాతం వచ్చిన ఒకాయన, అంతకు ముందు కొద్దిసేపు ఒక కన్ను చీకటైపోయిందని, అదీ చేయి పడిపోయిన వైపు కన్ను కాక రెండో వైపు కన్ను అని చెప్పాడు. ఎవరూ పట్టించుకోని ఆ మాట పట్టుకుని ఫిషర్ మెడ దాకా వెళ్ళాడు. పెద్ద దెబ్బకు ముందు చిన్న చిన్న హెచ్చరికలు వస్తాయని, మెడలోని అడ్డును ఏనాటికైనా శస్త్రచికిత్సతో సరిచేయవచ్చునని రాశాడు.

ఆ ఏనాడో రెండేళ్ళలోనే వచ్చింది. 1953 ఆగస్టులో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ 53 ఏళ్ళ బస్సు డ్రైవరు మెడ నాళం తెరిచి లోపలి పూడిక తీసేశాడు. ఆ మనిషి తరువాత 19 ఏళ్ళు బతికాడు. 1954 మే నెలలో లండన్‌లో ఈస్ట్‌కాట్ బృందం 66 ఏళ్ళ స్త్రీకి, ఒళ్ళంతా చల్లబరిచి, ఇరుకైన భాగం తొలగించి నాళం కలిపింది. ఆమెకు అప్పటికి 33 సార్లు చిన్న హెచ్చరికలు వచ్చి పోయాయట. మా అకౌంటెంటు గారికి ఒక్కటే వచ్చింది, ఆ ఒక్కదాన్నీ మేం మజ్జిగతో సాగనంపాం.

1978లో కెనడాలోనే ఇంకొక సంగతి తేలింది. అట్లాంటి హెచ్చరికలు వచ్చిన మగవారిలో ఆస్పిరిన్ వాడితే పక్షవాతం తగ్గుతుందని. అంటే 1984 నాటికి జనగామ మందుల దుకాణంలో పైసలకు దొరికే బిళ్ళ అది. (అట్లాగని ఎవరూ సొంతంగా వేసుకోకండి. మెదడులో రక్తస్రావమా, అడ్డా అనేది స్కానింగులోనే తెలుస్తుంది. రక్తస్రావమైతే అదే బిళ్ళ విషం.)

ఆపరేషను మంచిదా కాదా అన్న వాదం మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా సాగింది. డాక్టరు చేయగలిగినంత మాత్రాన రోగికి మేలు జరిగినట్టు కాదు గదా. 1991లో ఉత్తర అమెరికా వారు చీట్లు వేసినట్టు రోగులను రెండు జట్లుగా విడదీసి చూసిన లెక్క వెలువడింది. హెచ్చరిక వచ్చి, నాళం 70 శాతం పైగా మూసుకుపోయిన వారిలో, మందులతోనే ఉన్నవారికి రెండేళ్ళలో ఆ వైపు పక్షవాతం నూటికి 26 మందికి వచ్చింది. ఆపరేషను అయినవారికి నూటికి 9 మందికే. తరువాత 2004లో తేలినది ఇంకా ముఖ్యం: ఈ లాభం హెచ్చరిక వచ్చిన రెండు వారాలలోపు చేస్తేనే బాగా దక్కుతుంది, నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. మూడు వారాలు అనే గడువు చూశారా, మా అకౌంటెంటు గారి విషయంలో!

ఇక మనవారు ఎక్కువగా అడిగే బెలూను చికిత్స, అంటే యాంజియోప్లాస్టీ సంగతి. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు, కాలు తీసేయడానికి ఒప్పుకోని 82 ఏళ్ళ ముసలామె కాలి నాళంలోకి గొట్టాలు పంపి కోత లేకుండా తెరిచాడు. శస్త్రచికిత్స వారు ఆయన్ను పిచ్చివాడన్నారు. జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూన్‌జిగ్ తన ఇంటి వంటగది బల్ల మీద బెలూన్లు తయారు చేసుకుని, 1977 సెప్టెంబరు 16న గుండె నాళం తెరిచాడు. ఆయన దగ్గర నేర్చుకుని వచ్చిన మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ 1986లో మన దేశంలో ఆ చికిత్స మొదలుపెట్టారు. బెలూను తీసేస్తే నాళం మళ్ళీ ముడుచుకుంటున్నదని లోపల లోహపు జాలీ గొట్టం నిలపడం 1986లోనే ఫ్రాన్సులో ఆరంభమైంది. దాన్నే స్టెంటు అంటున్నాం.

ఇందులో మన హైదరాబాదు పాలు తక్కువేమీ కాదు. పాత నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి నిమ్స్‌గా రూపు మార్చుకున్నప్పుడు దానికి తొలి డైరెక్టరుగా వచ్చిన కాకర్ల సుబ్బారావు గారు కత్తి పట్టే డాక్టరు కారు, ఎక్స్‌రే డాక్టరు. న్యూయార్కులో పేరు తెచ్చుకుని 1980ల మధ్యలో తిరిగి వచ్చారు. డాటరు పిచ్చివాడనిపించుకున్న కాలం పోయి, సినిమా రీలులాగా నాళాలను చూసే శాఖకు గౌరవం వచ్చిన కాలం అది. 1990లలో డాక్టరు సోమరాజు గారు, అప్పట్లో హైదరాబాదు రక్షణ పరిశోధనశాలలో పనిచేసి వెళ్ళిన అబ్దుల్ కలాం గారు కలిసి చవకైన స్టెంటు తయారు చేయించారు. క్షిపణుల లోహవిద్య గుండెకు అక్కరకు వచ్చింది. అయితే అది గుండె నాళానికి. మెడ నాళం తీరు వేరు. ఇక్కడే మనవారు పొరపడుతున్నారు.

గుండె నాళంలో బెలూను ఊదితే రాలిన చిన్న ముక్క కొంత కండరాన్నే దెబ్బ తీస్తుంది. మెడలో రాలిన ముక్క సూటిగా మెదడుకు పోతుంది. ఆవగింజంత ముక్క మాట పోగొట్టగలదు. జర్మనీ డాక్టరు క్లాస్ మథియాస్ మొదలైనవారు 1980 ప్రాంతంలో మెడలో బెలూను వాడినప్పటి నుంచి ఈ భయం ఉన్నది. ఫ్రాన్సు వాడైన తెరోన్ ముక్కలు పైకి పోకుండా అవతల ఇంకొక బెలూను అడ్డం పెట్టే ఉపాయం తెచ్చాడు. తరువాత గొడుగులాంటి జల్లెడలు వచ్చాయి. 1994 నుంచి అమెరికాలోని బర్మింగ్‌హాంలో రూబిన్, మనవారైన శ్రీరాం అయ్యర్, జయ్ యాదవ్ స్టెంట్లు పెడుతూ వచ్చారు. మొదట పెట్టిన జాలీలు మెడ మీద నొక్కు పడితే నలిగిపోయేవి. అందుకని నొక్కినా తిరిగి లేచే రకం వచ్చింది.

ఇంగ్లండులోని లెస్టర్‌లో జరిగిన సంగతి 1998లో బయటికి వచ్చింది. అక్కడ ఆపరేషనునూ స్టెంటునూ పోల్చి చూద్దామని మొదలుపెట్టారు. ఆపరేషను జరిగిన 10 మందికీ ఏమీ కాలేదు. స్టెంటు పెట్టిన 7 మందిలో 5 గురికి పక్షవాతం వచ్చింది. 17 మందితోనే ఆపేశారు. అప్పటికి వారు జల్లెడలు వాడలేదు, చేతికి అలవాటూ తక్కువే. అయినా ఆ లెక్క దాచుకోకుండా అచ్చు వేయించిన వారికి నా నమస్కారం. లెక్క తప్పినప్పుడు ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆడిట్ పేరాలకు జవాబులు రాసిన మనకు తెలుసు.

2004లో యాదవ్ బృందం 334 మంది మీద వేరే లెక్క చూపింది. వీరు గుండె జబ్బుల వంటి వాటి వల్ల కోత ప్రమాదమనిపించిన వారు. వీరిలో జల్లెడ పెట్టి స్టెంటు వేస్తే ఏడాదిలో చావో, పక్షవాతమో, గుండెపోటో వచ్చినవారు నూటికి 12 మంది, ఆపరేషను అయినవారిలో 20 మంది. మహబూబాబాదులో నాతో పనిచేసిన ఒక మిత్రుడిది సరిగ్గా ఈ జట్టు. ఆయనకు 62వ ఏట, గుండెకు బైపాసు అయిన కొన్నాళ్ళకు, ఎడమ చేయి రెండుసార్లు తిమ్మిరెక్కి వదిలింది. కుడి మెడ నాళం ఇరుకైందన్నారు. 2017లో స్టెంటు పెట్టించుకున్నారు. బెలూను ఊదగానే నాడి పడిపోయి బి.పి. బాగా దిగిందట. నాళం చీలే చోటనే రక్తపోటును కనిపెట్టే నాడుల ముడి ఉంటుంది, దాన్ని లోపలి నుంచి ఒత్తితే అట్లా అవుతుంది. ఒక రోజంతా ఐ.సి.యు.లో చూసుకుని పంపారు. ఆయన ఇప్పటికీ మానుకోట స్టేషనులో ప్లాట్‌ఫారం మీద పొద్దున్నే నడుస్తారు. రక్తం పలుచన చేసే బిళ్ళలు రెండు రకాలు వాడాలన్నారు. పన్ను పీకించుకోవడానికని ఎవరో మాన్పించబోతే డాక్టరును అడగకుండా మాననన్నారు. అది ఆయన తెలివి. కొత్త స్టెంటు మీద గడ్డ కట్టితే వచ్చేది పన్ను నొప్పి కాదు.

నా వంతు 2022లో వచ్చింది. పదవీ విరమణ తరువాత భూపాలపల్లిలో ఉంటున్నాను. మా పెద్దబ్బాయి సింగరేణి ఉద్యోగి. ఒక పొద్దున పేపరు చదువుతూ ఉంటే ఎడమ కంటి మీద పైనుంచి తెర దించినట్టు చీకటి దిగింది. నాలుగైదు నిమిషాలకు తెర లేచింది. "ఏమైంది, అట్ల చూస్తున్నరు?" అని మా ఇంటావిడ అడిగింది. ఏమీ లేదని చెప్పబోయి, 1984 గుర్తుకు వచ్చి ఊరుకున్నాను. భూపాలపల్లికి రైలు లేదు. అదే రోజు కారు మాట్లాడుకుని హనుమకొండ పోయాం. మెడకు డాప్లర్ స్కానింగు చేసి ఎడమ నాళం 80 శాతం పూడిందన్నారు.

అక్కడి నుంచి వెళ్ళిన ఒక పెద్ద ఆసుపత్రిలో, పేరు అనవసరం, కోటు వేసుకున్న ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి స్టెంటు వేయించుకోమన్నాడు. "కోత లేదు, కుట్టు లేదు, రెండు రోజుల్లో ఇంటికి" అన్నాడు. మా అబ్బాయి ముఖం వికసించింది. ప్రమాదం ఎంత అని అడిగాను. "ఈ రోజుల్లో ప్రమాదం ఏముంది అంకుల్" అన్నాడు. 34 ఏళ్ళు బిల్లులు పాస్ చేసిన వాడికి అంకె చెప్పని మాట గొంతు దిగదు. హైదరాబాదులో రెండో అభిప్రాయం కోసం వెళ్ళాం. ఆ నాడీవైద్యుడు ముందు నా వయసు అడిగారు. 71 అన్నాను. "అయితే ఇది వినండి" అని కాగితం మీద రాసి చూపించారు.

2010లో యూరప్‌లోని మూడు పరిశీలనల లెక్కలు, మొత్తం 3,433 మందివి, ఒకచోట కలిపి చూశారు. వీరంతా హెచ్చరికలు వచ్చినవారే. 70 ఏళ్ళ లోపు వారిలో నాలుగు నెలల్లో పక్షవాతమో మరణమో కలిగినది స్టెంటుతో 5.8 శాతం, ఆపరేషనుతో 5.7 శాతం. తేడా లేదు. 70 దాటిన వారిలో స్టెంటుతో 12 శాతం, ఆపరేషనుతో 5.9 శాతం. రెట్టింపు! అదే ఏడాది అమెరికా, కెనడాలలో 2,502 మంది మీద వచ్చిన లెక్కలో, చికిత్స జరిగిన రోజుల్లో పక్షవాతం స్టెంటుతో 4.1 శాతం, ఆపరేషనుతో 2.3 శాతం. గుండెపోటు తిరగబడింది: స్టెంటుతో 1.1, ఆపరేషనుతో 2.3. అక్కడ కూడా సుమారు 70 ఏళ్ళ దగ్గరే తాసు అటు నుంచి ఇటు మొగ్గింది.

కారణం అడిగాను. గజ్జలోంచి పంపిన తీగ గుండె మీది పెద్ద వంపు దాటి మెడకు చేరాలి. మన వయసులో ఆ వంపు మెలికలు తిరిగి, సున్నం పట్టి ఉంటుంది. జల్లెడ తెరవక ముందే దారిలో గీసుకుని ముక్కలు రాలవచ్చు. ఆయన ఆపరేషను ఇబ్బందులూ దాచలేదు. మెడలో రక్తం గూడు కట్టవచ్చు, నాలుకకో గొంతుకో పోయే నరం నలగవచ్చు, గుండెపోటు రావచ్చు. "ఏ లెక్కయినా బాగా చేయి తిరిగిన వారిది. చేసే డాక్టరు ఏడాదికి ఎన్ని చేస్తాడో, అందులో ఎంతమందికి పక్షవాతం వచ్చిందో అడగండి. అడిగితే కోపం వచ్చేవాడి దగ్గర చేయించుకోకండి" అన్నారు. "బాపూ, కోతంటే భయం కాదా" అని మా అబ్బాయి అడిగాడు. భయమే. కాని 12కూ 6కూ తేడా తెలిసిన తరువాత ఏ భయం పెద్దదో తేలిపోయింది.

కన్ను మసకబారిన తొమ్మిదో రోజున ఆపరేషను అయింది. మెలకువ రాగానే డాక్టరు గారు చేతులు ఎత్తమన్నారు, నవ్వమన్నారు, పేరు చెప్పమన్నారు. తరువాత అట్ట మీద కాగితం పెట్టి పేరు రాయమంటే, నేను సంతకం చేసి కింద తేదీ వేశాను. నర్సమ్మ నవ్వింది. నాలుక ఒక పక్క నెలన్నర మొద్దుబారి ఉండి, మెల్లగా సర్దుకుంది. బిల్లుల సంగతి, రీయింబర్స్‌మెంటు సంగతి ఇంకొక సంచికకు సరిపోయేంత ఉంది కనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

నా కథ విని, తలలోపలి నాళాలు ఇరుకైన వారు కూడా మెడ ఆపరేషనో స్టెంటో అంటూ ఫోన్లు చేస్తున్నారు. అది వేరే సంగతి. నిమ్స్‌లో సుభాష్ కౌల్ గారి ఆధ్వర్యంలో నడిచిన హైదరాబాదు పక్షవాత రిజిస్టరు ఈ విషయంలో విలువైనది. తెల్లవారిలో మెడ ఇరుకు ఎక్కువ. మనవారిలో తలలోపలి నాళాల ఇరుకే ఎక్కువ కనబడుతున్నదని అది చూపింది. అక్కడ స్టెంటు పెడితే ఏమవుతుందో 2011లో అమెరికాలో 451 మందిలో చూశారు. 30 రోజుల్లో పక్షవాతమో మరణమో స్టెంటు జట్టులో 14.7 శాతం, గట్టిగా మందులు వాడిన జట్టులో 5.8 శాతం. కనుక మనలో ఎక్కువ మందికి దారి బి.పి. బిళ్ళ, షుగరు అదుపు, కొవ్వు తగ్గించే మందు, ఆస్పిరిన్ వంటివి, బీడీ సిగరెట్టు మానడం. బావిలో బొగ్గు తవ్వి పైకి వచ్చి బీడీ ముట్టించే మా భూపాలపల్లి వారికి ఈ చివరి మాట చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు నుంచి వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మహబూబాబాదుకు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నేను ముద్రలు వేయించిన రోజుల్లో కాకతీయ మెడికల్ కాలేజీ, ఎం.జి.ఎం. ఆసుపత్రి తప్ప పెద్ద దిక్కు లేదు. ఇప్పుడు దగ్గరలోనే చూసే డాక్టరు ఉన్నాడు. అయినా మూతి వంకర పోయినా, చేయి జారినా, మాట తడబడినా, పది నిమిషాల్లో తగ్గింది కదా అని ఇంట్లో కూర్చునేవారు నేటికీ ఉన్నారు.

చివరిగా జనగామ మిత్రుడొకరి సంగతి. ఆయనకు 69. ఏ హెచ్చరికా రాలేదు. కూతురు పట్టుబట్టి చేయించిన పరీక్షల్లో కుడి మెడ నాళం 75 శాతం ఇరుకని తేలింది. వెంటనే స్టెంటు వేయించుకోవాలా అని నన్ను అడిగారు. హెచ్చరిక రాని వారి లెక్క నా లెక్క కాదు. 2021లో 3,625 మంది మీద వెలువడిన పెద్ద పరిశీలనలో ఇట్లాంటి వారికి స్టెంటైనా ఆపరేషనైనా చికిత్స సమయంలో మరణమో, మనిషిని మంచాన పడేసే పక్షవాతమో నూటికి ఒకరికే వచ్చింది. చిన్నపాటి పక్షవాతం మాత్రం స్టెంటుతో కొంచెం ఎక్కువ. అసలు ఏదీ చేయించుకోకుండా మందులే వాడితే ఏమవుతుందన్న ప్రశ్నకు 2025 నవంబరులో కొత్త జవాబు వచ్చింది. గట్టిగా మందులు వాడిన వారిలో నాలుగేళ్ళలో 6 శాతానికి కీడు జరిగితే, మందులతో పాటు స్టెంటు కూడా వేయించుకున్న వారిలో 2.8 శాతానికే జరిగింది. ఆపరేషను జట్టులో అంత స్పష్టమైన తేడా తేలలేదు. అంటే ఇక్కడ స్టెంటుదే పైచేయిలాగా కనబడుతున్నది. నా ఆపరేషను చూసి మిత్రులెవరూ స్టెంటును శత్రువనుకోకూడదని ఇది చెబుతున్నాను. అయితే అక్కడ స్టెంటు వేసినవారు ఏరి కోరి పరీక్షించి తీసుకున్న డాక్టర్లు. మందులే వాడిన నూరు మందిలో 94 మందికి నాలుగేళ్ళలో ఏమీ కాలేదన్నది కూడా అదే లెక్క.

ఇదంతా ఆయనకు ఒక తెల్లకాగితం మీద రెండు వరుసలుగా రాసి ఇచ్చాను. చాలాసేపు చూశారు. "నువ్వయితే ఏం చేస్తవు?" అన్నారు. నా బిల్లు కాదు, మీది. పాస్ ఆర్డరు మీరే రాయాలి అన్నాను. ముందు బి.పి. అదుపులోకి తెచ్చుకుంటానని, డాక్టరును తన లెక్క అడుగుతానని చెప్పారు. ఒంటరిగా అడగడానికి మొహమాటమట. అందుకని వచ్చే నెల నేనూ వెంట వెళుతున్నాను. కాజీపేటలో నేను ఎక్కే రైలు జనగామలో ఆగుతుంది, ఆయన అక్కడ ఎక్కుతారు. రాసి ఇచ్చిన కాగితం మరిచిపోకుండా తెమ్మని చెప్పాను.